రెండో తాళంచెవి

శంకరవ్వ రెండో బకెట్టు నీళ్లు చల్లేసరికి ఆడవాళ్ల నేలలో ఇసుక అణిగింది. తెర దగ్గర మొదలుపెట్టి, తలుపు దాకా వెనక్కి నడుస్తూ దోసిళ్లతో చల్లడం ఆమె పద్ధతి. నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటుంది. తెర నుంచి తలుపుకు ముప్పై ఒకటి. గోడలు జరగవని ఆమెకు తెలుసు. అయినా రోజూ లెక్కపెడుతుంది.

కిటికీలు లేని గది అది. పైన రేకులు. మగవాళ్ల వైపుకూ ఆడవాళ్ల వైపుకూ నడుమ రేకుల్ని తాకే గోడ. తెర ఒక్కటే అటూ ఇటూ కలిపి ఉంది. ఆడవాళ్లకు ఉన్నది ఒక్క తలుపు. దాని పక్కనే గోడలో చెయ్యి పట్టేంత కంత. అవతల టికెట్ల గదిలో కూర్చున్నవాళ్లు ఆ కంతలోంచే టికెట్లు ఇస్తారు.

తలుపు కింది సందులోంచి దూది పింజలు కొట్టుకొచ్చాయి. జమ్మికుంట మార్కెట్టుకు పత్తి బండ్లు దిగే రోజులు. టాకీసు వెనుక గోడకు ఆనించి పత్తి నింపిన బోరాలు పేర్చారు. శంకరవ్వ వంగి పింజల్ని ఏరి, బయట తడి మట్టిలో తొక్కింది. వంగి లేచేసరికి ఎగపోసింది. సన్నటి మనిషి, యాభై దాటాయి. ముందు పళ్లు రెండు లేవు. వయసులో ఉన్నప్పుడు మిల్లులో గింజ తీసే పని చేసింది. ఆ దూది రొమ్ములోనే ఉండిపోయిందని డాక్టరు అన్నాడు. గోడ పట్టుకుని దమ్ము కుదురుకునే దాకా నిలబడింది.

"శంకరవ్వా!"

మేనేజరు రామచంద్రం తలుపులో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. శివరాత్రి కదా, పొద్దున్నే తలస్నానం చేసి వచ్చాడు.

"నిన్న గీ తలుపుల నుంచి ఎంతమంది మొగోళ్లు టికెట్టు లేకుంట దూరిండ్రు?"

"నేను సూడలే సారూ."

"నువ్వెందుకు సూస్తవు? ఎవడన్న వచ్చి చిన్నమ్మా అంటే సాలు, గొళ్లెం తీస్తవు."

అది అబద్ధం కాదు.

"పోయి ఒక తాళం కొనుక్కరా. మంచిది, బరువుది. ఆట మొదలుగాంగనే లోపల నుంచి గొళ్లానికి వెయ్యి. చెవి కంతల నుంచి నాకియ్యి. ఆట అయినంక నేనే ఇస్తా, తీద్దువు."

"లోపల అంతమంది ఆడోళ్లుంటరు సారూ. జర ఎవలకన్న పానం బాగలేకుంటే..."

"మూడు గంటలల్ల ఎవ్వలేం సావరు. పో."

శంకరవ్వ బజారుకు నడిచింది. ఎండ ఇంకా ముదరలేదు. బండ్ల మధ్య తప్పుకుంటూ పోతున్నదన్న మాటే గానీ ఆమె కళ్ల ముందు ఉన్నది ఆ బజారు కాదు, బోథ్ దగ్గరి జాతర మైదానం.

అప్పుడు టాకీసంటే గుడారం. ఆమె భర్త సాంబయ్యది గుంజలు పాతే పని. గుడారం చుట్టూ గోడలుగా కట్టే గుడ్డను కనాతు అనేవారు. ఆడవాళ్ల కనాతు దగ్గర శంకరవ్వ కూర్చునేది. లక్షెట్టిపేట, నస్పూర్, బోథ్, ఈ జమ్మికుంట – బండ్ల మీద మిషను, ఇంజను, చాపలు వేసుకుని ఊరూరా తిరిగారు. ఆడవాళ్లలో కూర్చుని కాపలా కాయడం ఒక్కటే కాదు, కథ చెప్పడం కూడా ఆమె పనే. అన్నీ హిందీ సినిమాలు. ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఉన్నది ఒక్కటే మిషను. ఒక రీలు అయిపోతే దీపం వెలిగించి, ఇంకో రీలు ఎక్కించే దాకా ఆగాలి. ఒక పాను నమిలేంత సేపు. ఆ సేపట్లో శంకరవ్వ లేచి నిలబడి, అయిపోయింది ఏమిటో, రాబోయేది ఏమిటో చెప్పేది.

చిన్నప్పుడు ఒక పోలీసు తానేదారు ఇంట్లో అంట్లు తోమింది. అక్కడ నాలుగు తురకం మాటలు అబ్బాయి. సినిమాలో సగం వాటితో అర్థమయ్యేది. మిగతా సగం ఆమె కల్పించేది. తెర మీద పిల్ల తండ్రి చచ్చిపోయి ఆడవాళ్లు ముక్కులు చీదుతుంటే, "ఏడ్వకుర్రి, ఆయన సావలే, బొంబాయి దవాఖానల ఉన్నడు" అనేది. తర్వాతి రీల్లో ఆయన రాకపోతే, "ఇంకా తగ్గలే" అనేది. ఆడవాళ్లు నమ్మేవారు. నమ్మి ఇంటికి పోయి అన్నం తినేవారు.

బోథ్ దగ్గర మూడో రోజు ఆటలో గుడారం అంటుకుంది. ముందు ఒక చప్పుడు, కాగిన నూనెలో నీళ్ల చుక్క పడ్డట్టు. తర్వాత వాసన. ఆ వాసన ఇప్పటికీ ఆమె ముక్కులో ఉంది. తల తిప్పేసరికి మిషను పెట్టిన మూల ఎర్రగా లేచింది. సాంబయ్య పరుగెత్తుకొచ్చి మూడు గుంజలు పీకేశాడు. కనాతు పైకి లేచింది. కింద నుంచి చల్లటి గాలి వచ్చింది. ఆడవాళ్లు ఆ గాలి వచ్చిన వైపు పాక్కుంటూ బయటపడ్డారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. గుడారం మాత్రం అన్నం తిని చెయ్యి కడుక్కునేంతలో బూడిదైంది. ఆ మరుసటి ఏడు సాంబయ్య జ్వరంతో పోయాడు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడేండ్లయింది. ఇప్పుడు సినిమాలు తెలుగులో మాట్లాడుతున్నాయి. మిషన్లు రెండయ్యాయి. ఒక దాంట్లో రీలు అయ్యేలోపే రెండోది మొదలవుతుంది, ఆగడమన్నది లేదు. చీకటి పడే దాకా చూడాల్సిన పని లేదు, మిట్టమధ్యాహ్నం కూడా ఆట నడుస్తుంది. అందుకోసం గోడలు కట్టారు. శంకరవ్వ చెప్పాల్సిన కథ ఏమీ మిగల్లేదు. కాపలా ఒక్కటే మిగిలింది. గోడలు కట్టిన నాటి నుంచి ఆమెకు ఒకటే ఆలోచన. కనాతును పైకి లేపొచ్చు. గోడను ఎక్కడ పట్టుకుని లేపాలి?

ఇనుప సామాన్ల దుకాణంలో పెద్ద తాళం కొన్నది. అరచెయ్యంత ఇత్తడి తాళం. సన్నటి తీగకు గుచ్చి రెండు తాళంచెవులు ఇచ్చాడు దుకాణదారు.

తిరిగి వచ్చేసరికి ఆపరేటరు ముత్యం టాకీసు వెనుక ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు. గుడారం రోజుల నుంచీ అతనే ఆపరేటరు. మిషను వెలుతురు చూసి చూసి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. చేతిలో వేలెడు ఫిల్ము ముక్క ఉంది.

"అక్కా, జర గిటు రా. దూరం నిలవడు."

పత్తి బోరాలకు దూరంగా, బండ మీద ఆ ముక్క పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల తాకిందో లేదో, భగ్గుమని లేచి అయిపోయింది. బండ మీద మసి కూడా మిగల్లేదు. కాగిన నూనెలో నీళ్ల చుక్క పడ్డ చప్పుడు. అదే వాసన.

శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాత రకం," అన్నాడు ముత్యం. "గిప్పుడొచ్చే ఫిల్ము అంటిస్తే ముడుసుకుంటది గని మండది. గీ శివుని సినిమా ఎప్పటిదో. పండుగని ఏడనో మూలకున్న డబ్బలు తెచ్చిండ్రు. సగానికి సగం అతుకులే."

"మేనేజరుకు చెప్పినవా?"

"చెప్పిన. ఇన్నేండ్ల సంది ఆడిస్తున్నవు, గిప్పుడు భయమైందా అని నవ్విండు." ముత్యం బండ మీద కాలు రుద్దాడు. "నేను మిషను కాడి నుంచి కదల. నువ్వు తలుపు కాడి నుంచి కదలకు. గంతే."

అతను వెళ్లాక శంకరవ్వ తీగ విప్పింది. ఒక తాళంచెవిని తాళానికే ఉంచి, రెండోదాన్ని నీలి చీర కొంగు మూలలో ముడేసింది. ఒకటి చాలదనిపించి ఇంకో ముడి వేసింది. కొంగును బొడ్లో దోపింది. ఇన్నేండ్లలో మేనేజరు చెప్పింది కాదన్నది లేదు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

ఆట రెండు గంటలకు. పన్నెండు నుంచే ఆడవాళ్లు రావడం మొదలైంది. ఒక్కపొద్దులున్న ముఖాలు, తడి జుట్లు. చేతుల్లో కొబ్బరికాయలు, కర్పూరం పొట్లాలు. తెర మీద దేవుడు కనబడినప్పుడు హారతి పట్టడం అలవాటు. ఎవరు వద్దన్నా మానరు. శంకరవ్వ తలుపు పక్కన నిండు బకెట్టు పెట్టుకుని కూర్చుంది.

"కర్పూరం లోపలికి వద్దమ్మా. బయటనే ముట్టించి పోర్రి."

"ఏందే శంకరవ్వా, శివుడు బయటికొచ్చి తీసుకుంటడా హారతి?" అన్నది చంద్రవ్వ. గుడారం రోజుల నుంచీ ఒక్క సినిమా వదలని మనిషి. "గీమె మాట నమ్మకుర్రి. హిందీ సినిమాలల్ల సచ్చినోళ్లందర్ని బొంబాయి దవాఖానల పండవెట్టింది. గిప్పటికీ ఆడనే ఉన్నరు."

ఆడవాళ్లు నవ్వారు. శంకరవ్వ కూడా నవ్వబోయింది. అంతలో యాదవ్వ కనబడింది.

శంకరవ్వకు ఆమె ఒక్కతే బిడ్డ. ఎనిమిదో నెల. నడుము మీద చెయ్యి పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నది.

"నిన్న రావద్దంటి గద."

"శివుని సినిమా అవ్వా. పుట్టెటోనికి మంచిదంటరు."

"ఇంటికి పో బిడ్డా. ఉక్కపోస్తది లోపల."

"ముంగట కూసుంట. కాళ్లు సాపుకోవచ్చు."

ముందు అంటే తెర దగ్గర. ముప్పై ఒక్క అడుగులు. కడుపుతో ఉన్న పిల్ల ముందు నిప్పు మాట ఎత్తకూడదని పెద్దలు అంటారు. మంట అన్న మాట కూడా ఆ చెవిన పడకూడదు. శంకరవ్వ పక్కకు జరిగి చోటు చూపించింది.

"తలుపు కాడ కూసో, నా పక్కన."

"గీన్నుంచి ఏం కనవడుతది అవ్వా?" అంటూ యాదవ్వ లోపలికి పోయింది.

గంట మోగింది. దీపాలు ఆరాయి. శంకరవ్వ తలుపు మూసి, గొళ్లెం పెట్టి, తాళం వేసింది. కంతలోంచి రామచంద్రం చెయ్యి వచ్చింది. వేళ్లకు రెండు ఉంగరాలు.

"గుంజు. సప్పుడు విననీ."

ఆమె గుంజింది. తాళం గొళ్లానికి కొట్టుకుని గట్టిగా మోగింది.

"చెవి?"

ఇచ్చింది.

"రెండోది?"

"ఒక్కటే ఇచ్చిండు సారూ."

చెయ్యి ఒక్క క్షణం కంతలోనే ఆగింది. తర్వాత వెనక్కి పోయింది.

శంకరవ్వ తెర వైపు చూడదు. ఎన్నో ఏండ్లుగా చూడటం మానేసింది. తెరకు వీపు పెట్టి, వెనుక గోడలో పైన ఉన్న మిషను కంతల వైపు చూస్తుంది. అక్కడి నుంచి వెలుతురు చాపలా పరుచుకుని వస్తుంది. ఆ వెలుతురు కదులుతున్నంత సేపు అంతా బాగున్నట్టే. ఆ వేళ ప్రతి అతుకు దగ్గరా వెలుతురు ఒక్కసారి ఎగిరిపడుతున్నది. ఎగిరిన ప్రతిసారీ ఆమె వేళ్లు కొంగు ముడి మీదికి పోతున్నాయి. వెనుక దేవుడి మాటలు వినబడుతున్నాయి. డమరుకం మోగింది. ఆడవాళ్లు లేచి హారతులు పట్టారు. కర్పూరం పొగ రేకుల దాకా పోయి నిలిచింది. ఆమె బకెట్టు అంచు పట్టుకుని కూర్చుంది. హారతులు ఆరాయి. ఆడవాళ్లు కూర్చున్నారు. ఆమె ఊపిరి వదిలింది.

గంట గడిచి ఉంటుంది. వెలుతురు ఆగిపోయింది.

ఆరిపోలేదు. కదలకుండా నిలిచింది. శంకరవ్వ చటుక్కున తెర వైపు తిరిగింది. శివుడి చెయ్యి దీవిస్తూ పైకి లేచి అట్లాగే ఉండిపోయింది. అరచేతి నడుమ గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టింది. పొంగింది, బుడగలు లేచాయి, చిరిగింది. చిరిగిన చోటు నుంచి తెల్లటి వెలుతురు తెరంతా కమ్మేసింది.

"జ్యోతి!" అని అరిచింది ఎవరో. "జ్యోతి కనవడ్డదే! శివరాత్రి నాడు జ్యోతి!"

గదిలోని ఆడవాళ్లంతా ఇసుకలో సాగిలపడ్డారు. కొందరు మళ్లీ కర్పూరం వెలిగించారు. హరహరా అన్న కేకలు రేకులకు తగిలి మోగాయి. గోడ అవతల మగవాళ్లు అరుస్తూ పరుగెత్తుతున్నారు. అది కూడా భక్తే అనుకున్నారు ఆడవాళ్లు. ఇంకా గట్టిగా అరిచారు.

మిషను కంతలోంచి పసుపుపచ్చటి పొగ దిగుతున్నది. నూనెలో నీళ్లు పడ్డ చప్పుడు. వాసన.

శంకరవ్వ కొంగు లాగింది. ముడి చెమటకు బిగుసుకుపోయింది. వేళ్లకు లొంగలేదు. నోట్లో పెట్టుకుంది. ముందు పళ్లు లేవు. పక్క దంతాలతో కొరికింది. బట్ట తడిసింది గానీ ముడి రాలేదు. ముడి కిందుగా బట్టనే కొరికి, రెండు చేతులా పట్టి చింపింది. కొంగు మూల ముడితో సహా ఊడి చేతికొచ్చింది. తాళంచెవి సగం బయటికి పొడుచుకొచ్చింది. చీకట్లో తాళం తడిమింది. చెవి ఒకసారి జారింది, రెండోసారి జారింది. ఎడమ చేతి వేలును తాళం రంధ్రం మీద పెట్టి, ఆ వేలి పక్కగా దూర్చింది. తిరిగింది.

తలుపు తెరిస్తే ఎండ లోపలికి పడింది.

"ముయ్యే తలుపు!" అని అరిచారు ఆడవాళ్లు. "జ్యోతి కనవడ్తలేదు!"

అగ్గి అని ఒక్క మాట అంటే చాలు, నూరు మంది ఈ ఒక్క తలుపు మీద పడతారు. అందరికంటే వెనుక, తెర దగ్గర, యాదవ్వ. శంకరవ్వ దమ్ము తీసుకుంది. పొగ లోపలికి పోయి కత్తిలా గుచ్చింది. నిటారుగా నిలబడింది. ఎన్నో ఏండ్ల కిందట గుడారంలో దీపం వెలిగించాక మాట్లాడే గొంతుతో, తొందర లేకుండా, కథ చెప్పింది.

"ఇనుర్రి అమ్మల్లారా. దేవుడు ఇంక తెర మీద లేడు. బయటికొచ్చిండు. వాకిట్ల దర్శనమిస్తుండు. తోసుకుంటే మాయమైతడు. ఒక్కొక్కలే రార్రి. కడుపుతోటి ఉన్నోళ్లు ముందుగాల. దారియ్యుర్రి."

ఆడవాళ్లు లేచారు. దారి ఇచ్చారు. యాదవ్వను ఒకరి చెయ్యి మీదుగా ఒకరు ముందుకు పంపారు. శంకరవ్వ బిడ్డ అడుగులు లెక్కపెట్టింది. ఇరవై, ఇరవై ఒకటి. పొగ తలల దాకా దిగింది. ముప్పై. ముప్పై ఒకటి. బిడ్డ భుజం ఆమె చేతికి తగిలి, ఎండలోకి జారిపోయింది. ఆమె కదలలేదు. తలుపు చెక్కకు ఆనుకుని, "మెల్లగ, మెల్లగ, ఉన్నడు, ఎటు పోలే" అంటూనే ఉంది, చివరి ఆమె గడప దాటే దాకా.

వాకిట్లో ఆడవాళ్లు మెడలెత్తి ఆకాశంలో వెతికారు. మార్కెట్టు, బండ్లు, ఎడ్లు తప్ప ఏమీ లేవు. పొగ చూశాక కొందరికి అర్థమై ఏడుపు మొదలుపెట్టారు. అంతలో పొగ పలచబడింది. మిషను గదిలో ముత్యం అంటుకున్న ఫిల్మును చేత్తోనే తెంపి, మిగతా రీలున్న పెట్టె మూత మూసేశాడట. మంట మిషను దాటలేదు. అతని కుడి అరచెయ్యి మాత్రం కాలింది.

"ఏం గాలే, ఏం గాలే!" అని అటు నుంచి రామచంద్రం గొంతు. "ఒక్క రీలు పోయింది. రెండో మిషను మీద ఆడిస్తం. లోపలికి నడువుర్రి."

శంకరవ్వ గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చుంది. ముఖం బూడిద రంగులో ఉంది. ఊపిరి ఈల వేస్తున్నది.

"అవ్వా, నీళ్లు తేనా?" అన్నది యాదవ్వ.

"ఇంటికి పో బిడ్డా." మాటకూ మాటకూ నడుమ ఆగింది. "లోపలికి పోకు. నా మీద ఒట్టు."

యాదవ్వ వెళ్లలేక వెళ్లింది. పొరుగింటామె చెయ్యి పట్టుకుని నడిపించింది. మలుపు తిరిగే దాకా శంకరవ్వ చూస్తూనే ఉంది.

చంద్రవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని ఎదుట నిలబడింది. "పన్నెండేండ్ల సంది గిదే పని నీకు. ఏడున్నడే నీ దేవుడు?"

శంకరవ్వ పెదాలు కదిలాయి.

"గిప్పుడే పోయిండు. నువ్వు ఆలస్యం జేసినవు."

చంద్రవ్వ పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. భయపడ్డ కొందరు ఇళ్లకు పోయారు. ఎక్కువమంది మళ్లీ ఇసుకలో కూర్చున్నారు. ఆట మొదలైంది.

రామచంద్రం చుట్టూ తిరిగి ఆడవాళ్ల తలుపు దగ్గరికి వచ్చాడు, తాళంచెవి చేతిలో పట్టుకుని. తెరిచి ఉన్న తలుపు చూశాడు. గొళ్లాన్ని చూశాడు. స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చున్న శంకరవ్వను చూశాడు. ఏదో అనబోయి, ఆట అయ్యాక అడుగుదామనుకుని, తాళంచెవిని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తలుపుకు మళ్లీ గొళ్లెం పెట్టమని ఎవరితోనూ అనలేదు.

విరామంలో ముత్యం వచ్చాడు. కుడి చేతికి తడి గుడ్డ. ఎడమ చేతిలో చాయ్ గ్లాసు.

"అక్కా, తాగు."

ఆమె తల గోడకు ఆనింది. ఒడిలో చేతులు తెరుచుకుని ఉన్నాయి. చీర కొంగుకు మూల లేదు.

"అక్కా."

గ్లాసు కింద పెట్టి, ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. చాలా సేపు అట్లాగే ఉంచాడు. తర్వాత నేల మీద, ఆమె పాదాల పక్కన కూర్చున్నాడు. లోపల గంట మోగింది. మిషను దగ్గరికి రమ్మని ఎవరో పిలిచారు. అతను లేవలేదు.

తెరిచిన తలుపు గొళ్లానికి ఆ ఇత్తడి తాళం నోరు తెరుచుకుని వేలాడుతున్నది. అందులో దూర్చిన రెండో తాళంచెవికి నీలి చీర పీలిక ఒకటి, వేసిన రెండు ముడులూ విప్పకుండా, మార్కెట్టు వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా కదులుతున్నది.